గొంతేరు నీళ్లు, వాషింగ్టన్ సుంకాలు

రొయ్యల చెరువులో పట్టుబడి తెల్లవారకముందే మొదలవుతుంది. ఐసు బండి గట్టు మీదికి వచ్చి ఆగుతుంది. వలలో మొదట పడిన రొయ్యల్లోంచి కిలో తూచి, కొనేవాడి మనిషీ రైతు మనిషీ ఎదురెదురుగా కూర్చుని ఒక్కొక్కటే లెక్కపెడతారు. కిలోకు ముప్పై వస్తే ముప్పై కౌంటు, వంద వస్తే వంద కౌంటు. కౌంటు తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. నెలల తరబడి పోసిన మేత, నీళ్లలో గాలి కలపడానికి రాత్రిళ్లు తిప్పిన ఏరేటర్లు, కాసిన కాపలా అంతా ఆ లెక్కలో తేలుతుంది. కానీ ముప్పై కౌంటుకు ఎంత, వంద కౌంటుకు ఎంత అన్నది గట్టు మీద తేలేది కాదు. అది ఆ రోజు ఫోనులో వస్తుంది. ఆ ఫోను వెనక ఎగుమతిదారు ఉంటాడు. అతని వెనక అమెరికాలోని దిగుమతిదారు, ఆపైన అక్కడి సూపర్‌మార్కెట్లు, అన్నిటికీ పైన అక్కడి వాణిజ్య శాఖ ఉత్తర్వులు ఉంటాయి.

2025 ఆగస్టు 27న అమెరికా భారతీయ సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఈ దూరం ఎంత చిన్నదో గోదావరి, కృష్ణా డెల్టాల్లో అందరికీ తెలిసివచ్చింది. అప్పటికే రొయ్య మీద ఉన్న యాంటీ డంపింగ్ సుంకం (సరుకును అన్యాయంగా చవకకు దింపుతున్నారని వేసేది), రాయితీ వ్యతిరేక సుంకం (ప్రభుత్వ రాయితీకి విరుగుడుగా వేసేది) కలుపుకుంటే భారం 58 శాతం దాకా చేరింది. 2024-25లో భారత్ ఎగుమతి చేసిన 7.41 లక్షల టన్నుల శీతలీకరించిన రొయ్యలో 3.11 లక్షల టన్నులు ఒక్క అమెరికాకే వెళ్లాయి. దేశంలో సాగయ్యే రొయ్యలో సింహభాగం ఆంధ్రప్రదేశ్‌ది. కాబట్టి దెబ్బ ఎవరికి తగిలిందన్నది వేరుగా చెప్పనక్కరలేదు.

అయితే ఇది సగం కథే. సుంకం సంగతి పత్రికల మొదటి పేజీలో వస్తుంది. ఆ చెరువు పక్క చేను ఉప్పుబారడం, ఊరి మంచినీళ్ల చెరువు రంగు మారడం జిల్లా అనుబంధంలో, అదీ ఎప్పుడో ఒకసారి వస్తాయి. ఒకటి వాణిజ్య వార్త, రెండోది పర్యావరణ వార్త అనుకోవడం అలవాటైపోయింది. ఈ రెండూ ఒకే వార్త అని చూపించడానికే విశ్వవిద్యాలయాల్లో రెండు అధ్యయన రంగాలు పుట్టాయి. మొదటిది అంతర్జాతీయ రాజకీయ ఆర్థికశాస్త్రం, రెండోది పొలిటికల్ ఎకాలజీ, అంటే రాజకీయ జీవావరణ అధ్యయనం. పేర్లు బరువుగా ఉన్నా అవి అడిగే ప్రశ్నలు డెల్టాలో ఎవరైనా అడగదగినవే.

మొదటి రంగానికి ఊపిరి పోసినవారిలో బ్రిటన్‌కు చెందిన సూజన్ స్ట్రేంజ్ ముఖ్యురాలు. ఆర్థికవేత్తలు అధికారాన్ని పట్టించుకోరు, అంతర్జాతీయ సంబంధాలు చదివేవారు మార్కెట్‌ను పట్టించుకోరు, ఇద్దరి మధ్యా అసలు విషయం జారిపోతోందని ఆమె 1970లోనే ఒక వ్యాసంలో గట్టిగా చెప్పింది. తర్వాత అధికారాన్ని ఆమె నాలుగు చోట్ల వెతకమంది: భద్రత, ఉత్పత్తి, అప్పు, జ్ఞానం. ఎదుటివాడి చేత బలవంతంగా పని చేయించడం ఒక రకం అధికారం. ఎదుటివాడు ఏ నియమాల లోపల బతకాలో ముందే నిర్ణయించడం అంతకంటే లోతైన అధికారం అన్నది ఆమె వాదన.

రెండో రంగంలో పియర్స్ బ్లెయికీ పేరు తప్పక చెప్పాలి. నేపాల్‌లో క్షేత్ర అనుభవం ఉన్న ఈ బ్రిటిష్ భౌగోళిక శాస్త్రవేత్త 1985లో నేల కోతపై రాశాడు. అప్పటిదాకా నేల కొట్టుకుపోతే రైతు అజ్ఞానమనో, జనాభా పెరిగిందనో అనేవారు. బ్లెయికీ ప్రశ్న వేరు: ఆ రైతును ఏటవాలు నేల మీదికి తోసింది ఎవరు? మంచి భూమి ఎవరి చేతుల్లో ఉంది? పన్ను ఎవరు వేశారు, ధర ఎవరు కట్టారు? రెండేళ్ల తర్వాత హెరాల్డ్ బ్రూక్‌ఫీల్డ్‌తో కలిసి దీన్నే వివరణల గొలుసుగా చూపించాడు. పొలం దగ్గర మొదలుపెట్టి, ఊరు, రాష్ట్రం, దేశం, ప్రపంచ మార్కెట్ దాకా ఒక్కో లంకె పట్టుకుని పైకి వెళ్లడమే ఆ పద్ధతి.

ఈ పద్ధతి డెల్టాకు అతికినట్టు సరిపోతుంది. ‘ఆశకు పోయి బంగారంలాంటి వరిచేలు తవ్వేశారు’ అన్న మాట భీమవరం, కైకలూరు వైపు తరచూ వినిపిస్తుంది. నేల కోత విషయంలో ఒకప్పుడు రైతు మీద వేసిన నింద లాంటిదే ఇదీ. ఆ మాట అన్నవారు 2011 ఖరీఫ్‌ను గుర్తు చేసుకోవాలి. ఆ ఏడాది కోనసీమ రైతులు వరి వేయబోమని క్రాప్ హాలిడే ప్రకటించారు. కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచి అన్నపూర్ణ అని పేరు పడిన నేల అది. అక్కడే వరి గిట్టుబాటు కాలేదంటే, చెరువు తవ్వడాన్ని ఒక్క రైతు ఆశతో వివరించలేం.

గొలుసు మొదటి లంకెలు 1990ల తొలినాళ్లలో పడ్డాయి. 1991లో విదేశీ మారకద్రవ్యం కరిగిపోయి దేశం బంగారం తాకట్టు పెట్టింది. డాలర్లు తెచ్చే సరుకు ఏదైనా ఆ రోజుల్లో ప్రభుత్వానికి ప్రాణాధారమే. రొయ్య అలాంటి సరుకు. విశాఖపట్నంలో సముద్రోత్పత్తుల ఎగుమతి సంస్థ ఎంపెడా చొరవతో అప్పటికే హేచరీ, అంటే రొయ్య పిల్లలను పుట్టించే కేంద్రం, ఉంది. ప్రపంచ బ్యాంకు 1992లో రొయ్య, చేపల సాగు ప్రాజెక్టుకు అప్పు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. అప్పుడు పెంచింది టైగర్ రొయ్య, కొన్నది ముఖ్యంగా జపాన్. నెల్లూరు నుంచి తూర్పు గోదావరి దాకా తీరం వెంట చెరువులు లేచాయి. 1994-95లో తెల్లమచ్చ తెగులు, అంటే వైట్ స్పాట్ వైరస్, వాటిని తుడిచిపెట్టింది.

తెగులు కంటే ముందే తీరంలో మరో ఆగ్రహం రాజుకుంది. తమిళనాడులో సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 1996 డిసెంబరు 11న వచ్చిన తీర్పు ఈ దేశంలో పర్యావరణ న్యాయానికి ఒక మైలురాయి. తీరప్రాంత నియంత్రణ మండలిలో, అంటే ఒడ్డు వెంట పరిశ్రమలకు హద్దు పెట్టిన ప్రాంతంలో, రొయ్యల పరిశ్రమ నడవకూడదనీ, సంప్రదాయ సాగుకు మాత్రమే మినహాయింపనీ, కాలుష్యం చేసినవారే నష్టం కట్టాలనీ కోర్టు చెప్పింది. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి లెక్కలను కోర్టు ఆధారంగా తీసుకుంది. వాటి ప్రకారం ఆంధ్రలోనూ తమిళనాడులోనూ ఈ సాగు వల్ల ప్రకృతికీ ప్రజలకూ జరిగిన నష్టం, రొయ్య అమ్మి వచ్చిన రాబడిని మించింది.

ఆ ఒక్క వాక్యం ఎంత ముఖ్యమో చాలామంది గుర్తించలేదు. రాబడి ఒకరి ఖాతాలో పడింది, నష్టం మరొకరి నేలలో, నూతిలో పడింది కాబట్టే ఈ లెక్క అంతవరకూ ఎవరూ వేయలేదు. తీర్పు పూర్తిగా అమలు కాలేదు. పునఃపరిశీలన పిటిషన్లు వచ్చాయి, కూల్చివేతలు ఆగాయి. చివరికి 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి, రిజిస్ట్రేషన్ ఉంటే సాగుకు అడ్డు లేదంది. 2023 సవరణ ఆ వెసులుబాటును ఇంకా విస్తరించింది. విదేశీ మారకం కావలసిన రాజ్యానికీ తాగునీళ్లు కావలసిన ఊరికీ మధ్య తగవు వచ్చినప్పుడు చట్టం ఎటు ఒరిగిందో ఈ వరుస చెబుతుంది.

ఇక్కడే కథలోకి కొత్త జీవి వస్తుంది. వన్నామీ రొయ్య పుట్టిల్లు పసిఫిక్ తీరం, మెక్సికో నుంచి పెరూ దాకా. భారత్ దాని సాగుకు 2009లో అనుమతి ఇచ్చింది. టైగర్‌ను ఎక్కువగా తీరపు ఉప్పునీటి చెరువుల్లోనే పెంచేవారు. వన్నామీ మాత్రం ఉప్పు బాగా తగ్గిన నీళ్లలో కూడా పెరుగుతుంది. ఈ చిన్న జీవశాస్త్ర సత్యమే డెల్టా పటాన్ని మార్చేసింది. చెరువులు తీరాన్ని వదిలి, ఉప్పు బోర్ల సాయంతో లోపలి వరిచేలలోకి నడిచివచ్చాయి. ఏ తీరప్రాంత నియంత్రణ గీత కోసం 1996లో అంత పోరాడారో, ఆ గీతకు ఇవతల, లోపలివైపు ఉన్న ఊళ్లకు దానివల్ల రక్షణ లేకుండా పోయింది. 2012 నుంచి థాయిలాండ్ చెరువులు ఈఎంఎస్ అనే తెగులుతో దెబ్బతిన్నాయి. ప్రపంచ ధర ఎగసింది. అక్కడి జబ్బు ఇక్కడ మరిన్ని చెరువులు తవ్వించింది.

నీటి కదలికను దగ్గరగా చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. వరిచేల మధ్య ఒక్క చెరువు తవ్వారనుకుందాం. దాని అడుగు నుంచి, గట్టు నుంచి ఉప్పునీరు పక్కకు ఊరుతుంది. మొదటి ఏడు పక్క చేనులో గట్టు వెంబడి నాలుగు వరసల వరి పసుపుపచ్చబడుతుంది. రెండో ఏడు ఆ పసుపు చేను మధ్యకు పాకుతుంది. మూడో ఏటికి ఆ చేనుగలాయన ముందు రెండే దారులు: దిగుబడి లేని వరి వేయడం, లేదా తానూ చెరువుకు లీజుకివ్వడం. రెండోదే ఎంచుకుంటాడు. అప్పుడు అతని పక్కవాడి వంతు వస్తుంది. బయటి నుంచి చూసేవారికి ఇది రైతులు స్వచ్ఛందంగా వరి వదిలి రొయ్యకు మారినట్టు కనబడుతుంది. రెవెన్యూ రికార్డులోనూ అలాగే ఎక్కుతుంది. మొదటి చెరువుది ఎంపిక, మిగిలినవాటిది తప్పనిసరి అన్న తేడా ఏ రికార్డులోనూ ఉండదు.

ఆ తేడా అందరికంటే ఎక్కువ తెలిసింది భూమి లేనివారికి. నాట్లు, కలుపు, కోతలు కలిపి వరిచేను ఊళ్లోని ఆడవాళ్లకు సీజన్‌కు ఎన్నో రోజుల కూలి ఇచ్చేది. చెరువుకు ఎకరాల లెక్కన ఒక కాపలా మనిషి, మేత చల్లే మనిషి చాలు, అదీ మగవాళ్లే. ఆడవాళ్ల పని ప్రాసెసింగ్ ప్లాంట్లకు మారింది. ఐసు నీళ్లలో చేతులు పెట్టి గంటలకొద్దీ తల తీయడం, పొట్టు వలవడం. పశువులకు గడ్డి పోయింది. కాలువ గట్ల వెంట దొరికే కూర, చేప పోయాయి. వీటిలో ఏదీ లీజు పత్రంలో కనబడదు, ఎందుకంటే వీటిలో ఏదీ భూమి యజమాని ఇచ్చినవి కావు, అందరివీ.

మురుగు సంగతి వేరే చెప్పాలి. డెల్టా డ్రెయిన్లు వరిచేల మిగులు నీటిని సముద్రానికి చేర్చడానికి ఉద్దేశించినవి. ఇప్పుడు పట్టుబడి అయ్యాక చెరువులు ఖాళీ చేసే నీళ్లూ వాటిలోకే వస్తాయి. మిగిలిన మేత, మలం, మందులు అన్నీ వాటితోనే. 2005 నాటి తీరప్రాంత ఆక్వాకల్చర్ నిబంధనలు ఒక పరిమితి మించిన ఫారాలకే వ్యర్థజల శుద్ధి ఏర్పాటును తప్పనిసరి చేశాయి. చిన్న రైతు మీద భారం పడకూడదన్న ఉద్దేశం మంచిదే. కానీ డెల్టాలో చెరువుల్లో ఎక్కువ భాగం ఆ పరిమితి కంటే చిన్నవి. ఒక్కొక్కటీ చిన్నదే, అన్నీ కలిసి ఒకే డ్రెయిన్‌లోకి వదులుతాయి. భీమవరం దగ్గర తుందుర్రు, కంసాలి బేతపూడి, జొన్నలగరువు గ్రామాలవాళ్లు తమ దగ్గర కట్టబోయే ఆక్వా ఫుడ్ పార్కును ఏళ్ల తరబడి ఎదిరించింది ఈ భయంతోనే. గొంతేరు డ్రెయిన్ మీద బతికే మత్స్యకారులు కూడా అందులో ఉన్నారు. 2016లో అక్కడ 144 సెక్షన్ విధించారు. మరుసటి ఏడాది మార్చిలో మొగల్తూరు దగ్గర మరో ప్లాంటులో ట్యాంకు శుభ్రం చేస్తూ అయిదుగురు కార్మికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఊరివాళ్లు ఊహించుకుని భయపడుతున్నారని అన్నవారికి అంతకంటే దారుణమైన జవాబు ఉండదు.

చెరువు రైతును ఈ కథలో ప్రతినాయకుడిగా నిలబెడితే గొలుసు తెగిపోతుంది. అతని చేతిలో ఏముందో చూడాలి. వన్నామీ పిల్ల కావాలంటే హేచరీకి తల్లి రొయ్యలు కావాలి. జబ్బులు లేని తల్లి రొయ్యలు హవాయి, ఫ్లోరిడాల నుంచి విమానంలో వచ్చి, చెన్నైలోని క్వారంటైన్ కేంద్రం దాటాకే ఇక్కడి హేచరీలకు చేరతాయి. స్ట్రేంజ్ జ్ఞానం దగ్గర అధికారం వెతకమన్నది ఇందుకే: ప్రతి పంటా వేరొకరి ప్రయోగశాలలో ఎంచిన జన్యువులతో మొదలవుతుంది. చెన్నైలోని ఉప్పునీటి ఆక్వాకల్చర్ పరిశోధన సంస్థ సిబా మన సొంత తెల్ల రొయ్యను మెరుగుపరచడానికి చేస్తున్న కృషికి ఈ కారణంగానే శాస్త్రీయ విలువతోపాటు రాజకీయ విలువ కూడా ఉంది. తర్వాత మేత. కిలో రొయ్యకు కిలో పైన మేత కావాలి. అందులో సోయా పిండి మధ్యభారతం నుంచి, చేప పొడి పశ్చిమ తీరపు కవళ్ల నుంచి వస్తాయి. సాగు ఖర్చులో సగానికి పైగా మేతదే. చాలామంది రైతులు దాన్ని డీలరు దగ్గర అరువు మీద తెచ్చుకుంటారు. అరువు ఇచ్చినవారికే పంట అమ్మవలసి వస్తే, ధర అడిగే హక్కు అప్పుడే సగం పోయినట్టు.

ఆ తర్వాత కరెంటు. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ అడుగంటుతుంది. ఏరేటర్లు ఆగితే రొయ్యలు గుంపులుగా గట్టు పక్కకు, పైకి వచ్చేస్తాయి. గంటలోపు డీజిల్ జనరేటర్ తిరగకపోతే చెరువు పోయినట్టే. ఆ గంటలో గట్టు మీద టార్చిలైటు పట్టుకుని నిలబడిన మనిషి ముఖం చూసినవారు ఇది సులువు డబ్బు అనరు. యూనిట్ రూపాయిన్నరకు కరెంటు ఇవ్వడం వెనక ఈ భయం ఉంది. అయితే రైతుకు ఇచ్చిన రాయితీ రైతు దగ్గరే ఆగుతుందా అన్నది వేరే ప్రశ్న. ధర కట్టే శక్తి పైవాడి చేతిలో ఉన్నప్పుడు, ఇక్కడి ప్రజాధనంతో తగ్గిన సాగు ఖర్చు చివరికి అక్కడి పళ్లెంలో రొయ్యను చవక చేస్తుంది.

అమెరికా వైపు కూడా బాధితులు ఉన్నారని మరచిపోకూడదు. లూసియానా, టెక్సాస్ తీరంలో పడవల మీద వేటాడి రొయ్య పట్టేవారి బతుకు దిగుమతుల వల్ల చితికిపోయింది. అక్కడ తినే రొయ్యలో 90 శాతానికి పైగా బయటిదే. వాళ్ల సంఘాలు వేసిన పిటిషన్ మీదే 2005 ఫిబ్రవరిలో భారత్, థాయిలాండ్, వియత్నాం, చైనా, బ్రెజిల్, ఈక్వడార్ రొయ్యల మీద యాంటీ డంపింగ్ ఉత్తర్వులు వచ్చాయి. ఆ రోజుల్లో బర్డ్ సవరణ అనే చట్టం ఉండేది. వసూలైన సుంకాన్ని పిటిషన్ వేసినవారికే పంచిపెట్టడం దాని ప్రత్యేకత. ప్రపంచ వాణిజ్య సంస్థ అది చెల్లదని తేల్చాకే అమెరికా దాన్ని రద్దు చేసుకుంది. 2024 డిసెంబరులో భారత రొయ్య మీద 5.77 శాతం రాయితీ వ్యతిరేక సుంకం వచ్చి చేరింది. ఇన్నేళ్ల సుంకాల వల్ల లూసియానా, టెక్సాస్ తీరపు పడవలు నిలబడలేదు, డెల్టా నీళ్లు శుభ్రపడలేదు.

పర్యావరణం పేరు వాణిజ్యంలో ఎలా వాడుకలోకి వస్తుందో చూపే తగవు మరొకటి ఉంది. సముద్ర తాబేళ్లు తప్పించుకునే పరికరం వలలో లేకపోతే ఆ రొయ్య కొనబోమని అమెరికా అన్నప్పుడు భారత్, మలేసియా, పాకిస్తాన్, థాయిలాండ్ ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్లాయి. 1998 నాటి అప్పీలు తీర్పు, తాబేలును కాపాడే ఉద్దేశాన్ని ఒప్పుకుంటూనే, అమలులో వివక్షను తప్పుపట్టింది. 2019 నుంచి భారత్‌లో సముద్రంలో వేటాడిన రొయ్య అమెరికా గడప తొక్కలేదు. చెరువు రొయ్యకు ఆ నిషేధం వర్తించదు. అంటే నిబంధన తాబేలును లెక్కలోకి తీసుకుంది, మంచిదే. ఉప్పుబారిన చేనును మాత్రం ఏ దేశపు వాణిజ్య నిబంధనా ఇంతవరకు లెక్కలోకి తీసుకోలేదు.

దక్షిణ అమెరికాలోని ఈక్వడార్‌ను మన పక్కన నిలబెట్టి చూస్తే ఈ పోలిక ఇంకా పదునెక్కుతుంది. అక్కడ చెరువుల కోసం నరికింది వరిచేలను కాదు, మడ అడవులను. ఆ అడవుల్లో ఆలుచిప్పలు ఏరుకుని బతికే ఆడవాళ్లు గొడ్డళ్లకు అడ్డం నిలబడ్డారు. బార్సిలోనా స్వయంప్రతిపత్తి విశ్వవిద్యాలయానికి చెందిన జువాన్ మార్టినెజ్ అలియర్ పేదల పర్యావరణవాదం అన్న తన వాదనకు ఈ పోరాటాన్ని ప్రధాన ఉదాహరణగా తీసుకున్నాడు. కడుపు నిండినవారికే ప్రకృతి మీద ప్రేమ పుడుతుందన్న అభిప్రాయాన్ని ఆయన తిప్పికొట్టాడు: ప్రకృతి మీదే నేరుగా బతికేవారు దాని కోసం ముందుగా పోరాడతారు, కాకపోతే పర్యావరణం అన్న మాట వాడరు. తుందుర్రులో రోడ్డు మీద కూర్చున్న ఆడవాళ్లు కూడా ఆ మాట వాడలేదు. మా నీళ్లు అన్నారు. ఇవాళ ఈక్వడార్ ఏటా పది లక్షల టన్నులకు పైగా రొయ్య ఎగుమతి చేస్తోంది. 2025 ఆగస్టులో దాని మీద అమెరికా వేసిన సుంకం 15 శాతం. ఒకే రకం రొయ్య, రెండు చోట్లా ప్రకృతికి నష్టం, రెండు వేర్వేరు సుంకాలు. చెరువు నిర్వహణలో తేడాకూ ఈ తేడాకూ సంబంధమే లేదు. విదేశాంగ, వాణిజ్య విధానాలే దీనికి కారణం, భారత్ రష్యా నుంచి చమురు కొనడం కూడా అందులో భాగం.

మన విశ్వవిద్యాలయాల్లో ఈ గొలుసును ఒక్కరూ చివరిదాకా పట్టుకోకపోవడానికి కారణం తెలివి తక్కువై కాదు, గదులు వేరై. రొయ్య జబ్బు మత్స్యశాస్త్ర విభాగానిది, ధర ఆర్థికశాస్త్రానిది, లీజు న్యాయశాస్త్రానిది, ఆడవాళ్ల కూలి సామాజికశాస్త్రానిది, సుంకం అంతర్జాతీయ సంబంధాలది. పంట దిగుబడి పెంచే పరిశోధనకు నిధులు ఇచ్చేవారు దొరుకుతారు. పక్క చేను ఎన్నేళ్లలో ఉప్పుబారిందో కొలిచే పరిశోధనకు దొరకడం కష్టం. నిజానికి అలాంటి అధ్యయనానికి పెద్ద యంత్రాలేమీ అక్కరలేదు. ఒక డ్రెయిన్‌ను ఎంచుకోవాలి. పై నుంచి ముఖద్వారం దాకా నెలనెలా నీటి ఉప్పును కొలవాలి. అదే దారిలోని ఊళ్లలో ఏ సర్వే నంబరు ఏ ఏడాది చెరువైందో, లీజు ఎవరి నుంచి ఎవరికి పోయిందో రాసుకోవాలి. నాట్ల పని ఎన్ని రోజులు తగ్గిందో ఆడవాళ్లను అడగాలి. ఆ కాగితాల పక్కన అదే ఏళ్ల ఎగుమతి ధరనూ సుంకాన్నీ పెట్టాలి. ధర ఎగసిన ఏటికీ గట్టు పక్క వరి పసుపెక్కిన ఏటికీ మధ్య దూరం ఎంతో అప్పుడు కనబడుతుంది.

ఒక పోలికతో ఆ అవసరం ఎంత అత్యవసరమో తెలుస్తుంది. నిషేధించిన యాంటీబయాటిక్స్ అవశేషాల భయంతో యూరోపియన్ యూనియన్ 2016 నుంచి భారత్‌లో సాగైన రొయ్య సరుకులో సగాన్ని తన సరిహద్దులో పరీక్షకు పెట్టింది. పరీక్ష తప్పితే కంటైనరు వెనక్కి వస్తుంది. తినేవాడి ఆరోగ్యం కోసం అంత జాగ్రత్త న్యాయమే. అదే రొయ్య పెరిగిన చెరువు ఖాళీ చేసిన నీళ్లు గొంతేరు లాంటి డ్రెయిన్‌లోకి దిగి, దాని పక్క ఊళ్ల నూతుల వైపు ఊరుతాయి. ఆ ఊళ్లలో ఇప్పుడు తాగేందుకు నీళ్లు క్యాన్లలో కొనుక్కుంటున్నారు. చుట్టూ కనుచూపు మేర నీళ్లే, వీధి చివర మాత్రం పొద్దున్నే ఖాళీ క్యాన్ల వరస.